తెర మీది వస్తువులకు నకళ్లు: తయారీ, ప్రదర్శన రంగాల్లో ఉపాధి

జానపద, సాహస చిత్రాల్లో కథను నడిపించేది చాలాసార్లు ఒక వస్తువే. 1951లో విజయా సంస్థ కె.వి.రెడ్డి దర్శకత్వంలో నిర్మించిన 'పాతాళభైరవి'లో కోరినదల్లా ప్రసాదించే చిన్న ప్రతిమ కోసమే నేపాళ మాంత్రికుడు పన్నాగాలన్నీ పన్నుతాడు. 2022లో విడుదలైన 'కార్తికేయ 2'లో కథానాయకుడి అన్వేషణ అంతా శ్రీకృష్ణుని కడియం చుట్టూ సాగుతుంది. ఇటువంటి వస్తువులను చిత్రరంగంలో ప్రాపర్టీలు అంటారు. తెర మీద కనిపించిన ఆకారానికి, కొలతకు, వన్నెకు సరిపోయేటట్లు వాటిని మళ్లీ తయారుచేస్తే అది నకలు, లేదా ప్రతికృతి. నల్లమలలోని అమ్రాబాద్, మన్ననూరు, అచ్చంపేట ప్రాంతాల విద్యార్థులకు ఇది హైదరాబాదు స్టూడియోలకే పరిమితమైన వ్యవహారంగా తోచవచ్చు గానీ, ఈ వృత్తికి పునాది అయిన పనులు, అంటే కొలవడం, అచ్చు తీయడం, పోత పోయడం, రంగు వేయడం, ఏ ఊళ్లోనైనా మొదలుపెట్టదగినవే.

చిత్రీకరణ కోసం చేసే వస్తువుకూ ప్రదర్శన కోసం చేసే నకలుకూ ముఖ్యమైన తేడా ఉంది. సెట్టు మీది వస్తువు కెమెరాకు కనిపించే మేరకు మెప్పిస్తే చాలు. నటుడు మోయగలిగేంత తేలికగా, పోరాటంలో ఎవరికీ గాయం కాకుండా ఉండాలి. అందుకే దగ్గరి దృశ్యానికి ఒకటి, దూరపు దృశ్యానికి మరొకటి, దెబ్బలకు ఓర్చుకునేందుకు రబ్బరుతో ఇంకొకటి చొప్పున ఒకే ఖడ్గాన్ని పలు రకాలుగా చేస్తారు. న్యూజిలాండ్‌లోని వేటా వర్క్‌షాప్ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' చిత్రాల సైనికులకు ప్లాస్టిక్ గొట్టాలను రింగులుగా కోసి, వాటిని చేత్తో ఒకదానికొకటి తగిలించి గొలుసు కవచాలు అల్లింది. ప్రదర్శనకు పెట్టే నకలును మాత్రం చూపరి అడుగు దూరం నుంచి, తీరికగా, అన్ని వైపుల నుంచీ పరిశీలిస్తాడు కాబట్టి, కెమెరా ఎన్నడూ చూపని వెనుక భాగాన్ని కూడా తయారీదారు ఆలోచించి పూర్తిచేయవలసి వస్తుంది.

ఈ పనిలో అత్యంత కష్టమైనది చెక్కడం కాదు, చూడడం. 1957 నాటి 'మాయాబజార్'లో శశిరేఖ మూత తెరిచి అభిమన్యుణ్ణి చూసే ప్రియదర్శిని పేటికకు నకలు చేయాలంటే ముందుగా దాని కొలత తేల్చాలి. పేటిక, దానిని పట్టుకున్న చేయి కెమెరాకు ఒకే దూరంలో ఉన్న ఫ్రేమును ఎంచుకొని, ఆ బొమ్మలో అరచేయి 2 సెంటీమీటర్లు, పేటిక 7 సెంటీమీటర్లు ఉన్నాయనుకుంటే, అరచేతి అసలు వెడల్పును 8 సెంటీమీటర్లుగా తీసుకొని పేటిక వెడల్పు సుమారు 28 సెంటీమీటర్లని లెక్కకట్టవచ్చు. వస్తువు చేతికన్నా కాస్త ముందుకు ఉన్న ఫ్రేమును తీసుకుంటే ఈ లెక్క తప్పుతుంది కనుక, నాలుగైదు ఫ్రేములలో కొలిచి సరిచూసుకోవడం అవసరం. రంగు విషయం ఇంకా చిక్కైనది. ఆ చిత్రం నలుపు తెలుపులో తీసినది. కళాదర్శకులు గోఖలే, కళాధర్ వాడిన అసలు రంగులేవో తెర చెప్పదు, బూడిద ఛాయల తేడాను మాత్రమే చూపుతుంది. 2010లో విడుదలైన రంగుల ప్రతిలో కనిపించేవి ఆ సాంకేతిక బృందం ఎంచుకున్న వర్ణాలే తప్ప 1957 నాటి సెట్టుకు సాక్ష్యం కావు. నకలుకు ఏ ప్రతిని ఆధారం చేసుకున్నదీ దాని పక్కన రాసిపెట్టే తయారీదారుడి మాటకే పరిశోధకులు, మ్యూజియంలు విలువనిస్తాయి, ఇవ్వాలి కూడా.

అచ్చు తీసే విద్యకు పులుల అభయారణ్యం ఉన్న అమ్రాబాద్ ప్రాంతంలో ఒక చక్కని పూర్వరూపం ఉంది. అడవిలో కెమెరా ఉచ్చులు వ్యాప్తిలోకి రాకముందు, మన దేశంలో పులుల లెక్కింపు ప్రధానంగా వాటి పాదముద్రల మీద ఆధారపడేది. అటవీ సిబ్బంది ముద్ర చుట్టూ చట్రం పెట్టి, పలుచగా కలిపిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను అందులో పోసి, గట్టిపడిన తరువాత ఎత్తి మన్ను దులిపేవారు. ఇందులో నేల మీది గుంట అచ్చు, పైకి వచ్చిన తెల్లని పాదం పోత. స్టూడియోలో జరిగేదీ ఇదే క్రమం: బంకమన్నుతో మూలరూపం చేసి, దాని మీద సిలికాన్ రబ్బరు పూసి, ఆ రబ్బరు వంగిపోకుండా ప్లాస్టర్‌తో గట్టి తొడుగు కట్టి, మూలాన్ని తీసివేసిన ఖాళీలో రెసిన్ గానీ ఫైబర్ గానీ నింపుతారు, ఆపై ఉప్పుకాగితంతో రుద్ది, ప్రైమర్ వేసి, చివరగా పాతదనం తెప్పిస్తారు. నేర్చుకోదలచిన విద్యార్థి అడవిలోకి వెళ్లనవసరం లేకుండా ఇంటి పెరట్లోని తడిమట్టిలో తన పాదముద్రనే అచ్చుగా వాడి తొలిపాఠం పూర్తిచేయవచ్చు. నీటిలోకి పొడిని చల్లాలి గానీ పొడి మీద నీరు పోయకూడదని, పోసేటప్పుడు చట్రాన్ని మెల్లగా తట్టకపోతే గాలిబుడగలు వేళ్ల దగ్గర గుంటలు మిగులుస్తాయని ఆ ఒక్క ప్రయత్నంలోనే అర్థమవుతుంది. రెసిన్‌తో పనిచేసే దశలో మాత్రం గాలి ఆడే చోటు, తగిన మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి.

శిక్షణ విషయానికి వస్తే, ఇంటర్మీడియట్ తరువాత హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో శిల్పం ప్రధానాంశంగా నాలుగేళ్ల బీఎఫ్ఏ (లలితకళల పట్టా) చదవడం దీనికి అత్యంత అనువైన మార్గం. ప్రవేశం ప్రత్యేక పరీక్ష ద్వారా జరుగుతుంది, అందులో బొమ్మ గీసే నైపుణ్యమే కీలకం. పట్టా పొందినవారు పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా (ఎఫ్‌టీఐఐ)లో కళాదర్శకత్వం, ప్రొడక్షన్ డిజైన్ కోర్సుకు పోటీపడవచ్చు. పెద్ద చదువుకు వీలులేనివారికి ఐటీఐలో కార్పెంటర్, వెల్డర్ వంటి ట్రేడులు తక్కువైనవి కావు. 2023లో హైదరాబాదు రాయదుర్గంలో ప్రారంభమైన టీ-వర్క్స్‌లో త్రీడీ ప్రింటర్లు, లేజర్ కటింగ్ యంత్రాలు నమూనాల తయారీకి అందుబాటులో ఉన్నాయి. అయితే యంత్రం ఇచ్చిన వస్తువుకు జీవం పోసేది చేతిపనే కనుక, రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపి చేర్యాల కళాకారులు చేసే ముఖాలను, ఇత్తడి రేకు మీద పెంబర్తి కళాకారులు దించే నగిషీని దగ్గరగా చూసినవారికి కిరీటమో డాలో చేసేటప్పుడు ఏ పుస్తకమూ ఇవ్వని సాయం అందుతుంది.

ఆదాయం నికరంగా ఉండదు. చిత్రరంగంలో పని చిత్రం చిత్రానికీ కుదిరే ఒప్పందం మీద నడుస్తుంది, పైగా ఆ శాఖ కార్మిక సంఘంలో సభ్యత్వం అవసరమవుతుంది. అందువల్ల నాటక సమాజాలకు, మ్యూజియంలకు, పాఠశాలలకు, వినోద కేంద్రాలకు కూడా పనిచేసేవారే నిలదొక్కుకోగలరు. 'బాహుబలి' చిత్రాలకు కళాదర్శకుడు సాబు సిరిల్ పర్యవేక్షణలో రామోజీ ఫిల్మ్ సిటీలో వేసిన మాహిష్మతి సెట్టు చిత్రాల విడుదల తరువాత సందర్శకులకు తెరుచుకోవడాన్ని బట్టి, తెర వస్తువులకు తెర వెలుపలి ఆదరణ ఎంత ఉందో తెలుస్తుంది. ఇలా ప్రదర్శనకు పెట్టే వస్తువులకు కాంతి పెద్ద శత్రువు: ఎండ తగిలితే రెసిన్ పసుపెక్కుతుంది, రంగు వేసిన గుడ్డ వెలిసిపోతుంది, అందుకే మ్యూజియంలలో సున్నితమైన వస్తువుల మీద కాంతిని 50 లక్స్ దాటనీయరు. లక్స్ అంటే ఒక తలం మీద పడే వెలుతురుకు కొలమానం.

చట్టాలను ఆరంభంలోనే తెలుసుకోవాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం చలనచిత్రానికి విడుదల తరువాతి ఏడాది మొదలు 60 ఏళ్లు రక్షణ ఉంటుంది, కళాకారుడి రూపకల్పనకు విడిగా హక్కులు ఉండవచ్చు. కనుక అభ్యాసం కోసం కాక అమ్మకానికి చేసే ప్రతి నకలుకూ హక్కుదారుల లిఖితపూర్వక అనుమతి తీసుకోవడం మేలు. ఖడ్గాలకు పదును పెట్టకూడదు. పులుల అభయారణ్యం పక్కనే ఉండే అమ్రాబాద్ యువతకు మరింత ముఖ్యమైనది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం: రాలిపడినదే అయినా దుప్పి కొమ్మును అడవి నుంచి తెచ్చి కిరీటానికో కత్తి పిడికో అమర్చడం నేరం. ఆ కొమ్మును ఛాయాచిత్రాల నుంచి కొలిచి, మన్నుతో మలిచి, రెసిన్‌లో పోత పోసి, గరుకుదనం తెలిసేటట్లు రంగు వేస్తే, ఉద్యోగానికో కోర్సుకో వెళ్లేటప్పుడు పోర్ట్‌ఫోలియోలో, అంటే చేసిన పనుల సంపుటిలో, మూలరూపం, అచ్చు, పోత, పూర్తయిన వస్తువు అనే నాలుగు దశల ఫొటోలతో మొదటి పేజీలో పెట్టుకోదగిన పని అవుతుంది.