గొంతు తగ్గించి అడిగే మాత్ర

గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రుల నడుమ మందుల షాపు నడిపినవాణ్ణి. ఫార్మసిస్టుగా నా వయసంతా ఆ కౌంటరు వెనకే గడిచింది. అంగస్తంభన సమస్య గురించి మన ఇళ్లలో ఎవరూ మాట్లాడరు. డాక్టర్ సమరం గారు వారపత్రికల్లో ఏళ్ల తరబడి విడమరిచి రాస్తే అందరూ చదివారు గాని, చదివినదాన్ని ఇంకొకరి దగ్గర ఎత్తలేదు. ఆ సమస్యకు వాడే మాత్రల వల్ల జరిగే చెడులో ఎక్కువ పాలు ఆ మౌనానిదేనని నా నమ్మకం. పెళ్లీడు అబ్బాయిలకూ, కొత్తగా కౌంటరు దగ్గర నిలబడుతున్న ఫార్మసీ పిల్లలకూ కలిపి ఇది రాస్తున్నాను.

1. గుసగుసగా అడిగిన మందు గురించే ఎక్కువ ప్రశ్నలు వేయాలి.

స్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ 1998లో అమెరికాలో వయాగ్రా పేరుతో వచ్చింది. కొద్ది ఏళ్లకే మన కంపెనీలూ తయారుచేయడంతో ధర అందుబాటులోకి దిగింది. షాపు ఖాళీ అయ్యేదాకా బయట నిలబడి, అప్పుడు లోపలికొచ్చి, పేరు పలకలేక "అదేనండీ, ఆ మాత్ర" అనేవారు. ఇది షెడ్యూల్ హెచ్ మందు, డాక్టరు చీటీ లేనిదే ఇవ్వకూడదు. అయినా ఎదుటి మనిషి సిగ్గును గౌరవిస్తున్నామనుకుని, ఏమీ అడక్కుండా కవరులో వేసి ఇచ్చేసిన రోజులు మా వ్యాపారంలో ఉన్నాయి, నా షాపులోనూ ఉన్నాయి. పక్కకు పిలిచి "గుండెకేమైనా వాడుతున్నారా? బీపీకి? ప్రొస్టేటుకి?" అని అడిగి ఉంటే అది నిజమైన గౌరవం అయ్యేది.

ఇంకో మాట. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగిన ఆడవాళ్లకూ పసిబిడ్డలకూ డాక్టర్లు ఇదే సిల్డెనాఫిల్ రాస్తారు. చంటిబిడ్డ చీటీ తెచ్చిన తల్లి ఎదుట ముసిముసిగా నవ్వుకునే పనివాళ్లను చూశాను. ఆ తల్లి ముఖం నాకింకా గుర్తుంది.

2. నాలుక కింద మాత్ర పెట్టుకునేవారు దీన్ని ముట్టకూడదు.

మిగతావన్నీ మరిచినా ఈ ఒక్కటీ మరవకండి. గుండెనొప్పికి వాడే సార్బిట్రేట్, మోనోట్రేట్ వంటివి నైట్రేట్లు. అవి నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేసి రక్తనాళాలను సడలిస్తాయి. ఆ సడలింపును నడిపే రసాయనం తొందరగా కరిగిపోకుండా పట్టి ఉంచేది సిల్డెనాఫిల్. చెరువులోకి వరద వదిలి తూము మూసేసినట్టే, రెండూ కలిస్తే రక్తనాళాలు అదుపు తప్పి సడలి బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. ప్రాణమే పోవచ్చు. నికోరాండిల్‌తోనూ ఇదే ప్రమాదం. సిల్డెనాఫిల్ వేసుకున్నాక 24 గంటలు, అదే కోవకు చెందిన టాడలాఫిల్ అయితే కనీసం 48 గంటలు నైట్రేటు జోలికి పోకూడదు. టాడలాఫిల్ ప్రభావం 36 గంటల దాకా ఉంటుంది. శనివారం రాత్రి వేసుకున్నవారు ఆదివారం సాయంత్రానికి ఆ సంగతే మరిచిపోతారు, ఒళ్లు మరవదు.

మా బంధువుల్లో ఒకాయనకు రాత్రివేళ గుండెలో నొప్పి వచ్చింది. పక్కింటాయన మంచి మనసుతో పరుగెత్తుకొచ్చి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టాడు. చుట్టూ కొడుకు, కోడలు, మనవలు. అంతకుముందు తానేం వేసుకున్నాడో ఆయన చెప్పలేకపోయాడు. ఆసుపత్రిలో బీపీ అందక డాక్టర్లు తంటాలు పడ్డారు. డ్యూటీ డాక్టరు అందర్నీ బయటికి పంపి చెవిలో అడిగితే గాని నోరు విప్పలేదు. బతికాడు. ఆ స్ట్రిప్ ఏదో షాపులో చీటీ లేకుండా కొన్నదే.

3. ఒంట్లో జబ్బు ముందుగా ఇక్కడే బయటపడవచ్చు.

అంగానికి రక్తం తెచ్చే నాళాల వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు. గుండె నాళాలవి మూడు నాలుగు. కొవ్వు పేరుకోవడం మొదలైతే సన్ననివే ముందు ఇబ్బంది పెడతాయి. అందుకే గుండెజబ్బు బయటపడడానికి కొన్నేళ్ల ముందే స్తంభన తగ్గడం చాలామందిలో కనిపిస్తుంది. షుగరైతే నాళాలనూ నరాలనూ కలిపి దెబ్బతీస్తుంది. నలభై దాటినవారు ఒక్కసారైనా షుగరు, బీపీ, కొలెస్టరాల్ చూపించుకోకుండా నెలనెలా స్ట్రిప్ పట్టుకెళ్లడం నేనెరుగుదును. మాత్ర పనిచేస్తోందన్న ధీమా చాటున అసలు జబ్బు పెరిగింది. ఈ మాత్ర రాయించుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్లడంలో ఉన్న పెద్ద లాభం, ఆ వంకతో ఒళ్లంతా ఒకసారి చూపించుకోవడం.

4. తొందరపడి వేసుకునే రెండో మాత్ర ప్రమాదానికి మొదటి మెట్టు.

సిల్డెనాఫిల్ మామూలుగా 50 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు, అరవై అయిదు దాటినవారికి 25తో. దాదాపు గంట ముందు, రోజుకు ఒక్కసారే. నూనె, నెయ్యి దండిగా ఉన్న విందుభోజనం చేసి వేసుకుంటే ఆలస్యంగా ఎక్కుతుంది. పనిచేయలేదనుకుని మరొకటి మింగితే రెండూ కలిసి తలనొప్పి, ముఖంలో ఆవిర్లు, కళ్లు తిరగడం తెస్తాయి. మద్యం తోడైతే బీపీ ఇంకా దిగుతుంది. ప్రొస్టేటుకు టామ్సులోసిన్ వాడేవారు, ఇట్రాకొనజోల్, క్లారిత్రోమైసిన్ వంటివి వాడుతున్నవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పి మోతాదు రాయించుకోవాలి.

5. మూలికన్నంత మాత్రాన నమ్మరాదు.

బస్టాండు గోడల మీద, ఇప్పుడు ఫోన్లలో ప్రకటనలు. "పూర్తిగా ప్రకృతి సిద్ధం" అని అమ్మే పొడుల్లో, గుళికల్లో సిల్డెనాఫిల్ కలిపి ఉండడం అమెరికా ఎఫ్‌డీఏ పరీక్షల్లో ఎన్నోసార్లు తేలింది. అర్హత ఉన్న ఆయుర్వేద వైద్యుల పట్ల నాకు గౌరవమే. పేరూ ఊరూ లేని డబ్బా వేరే సంగతి. సార్బిట్రేట్ వాడే మనిషి మూలికే కదా అని దాన్ని మింగితే, తానేం మింగాడో తనకే తెలియదు.

6. భయానికి ఈ మాత్ర మందు కాదు.

కొత్త పెళ్లికొడుకులు వచ్చేవారు. మొదటి రాత్రి తడబాటునే జబ్బనుకుని వణికిపోయేవారు. తెల్లవారుజామున స్తంభన మామూలుగానే ఉంటోందంటే నాళాలూ నరాలూ చాలావరకు బాగానే ఉన్నట్టు. మాత్ర కోరికను పుట్టించదు, కోరిక ఉన్నప్పుడు రక్తప్రవాహానికి సాయపడుతుంది, అంతే. ఆ అబ్బాయిలకు కావలసింది కొన్నాళ్ల వ్యవధి, భార్యతో నాలుగు మాటలు. అలవాటుగా మాత్ర మింగినవారికి అది లేకపోతే తమవల్ల కాదన్న కొత్త భయం పట్టుకుంది.

7. నాలుగు గంటలు దాటితే ఆసుపత్రికే.

స్తంభన నాలుగు గంటలకు మించి తగ్గకపోతే వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి. ఆలస్యమైతే కణజాలం శాశ్వతంగా దెబ్బతింటుంది. ఉన్నట్టుండి చూపు తగ్గినా, వినికిడి తగ్గినా మాత్ర ఆపి డాక్టర్ని కలవాలి. మాత్ర వేసుకున్నాక గుండెలో నొప్పి వస్తే ఇంట్లో ఉన్న సార్బిట్రేట్ వేసుకోకుండా 108కి ఫోన్ చేయండి. వచ్చినవారికి ఏ మాత్ర, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్నింటికి వేసుకున్నారో మొదటి మాటగా చెప్పండి. మాత్ర వాడుతున్న సంగతి మీ భార్యకు ముందే తెలిసి ఉండాలి. మీకు మాట రాని స్థితి వస్తే, డాక్టరుకు ఆ సంగతి చెప్పగలిగేది ఆమె ఒక్కతే.