పెంకు జారిన కప్పు

రోహిణి కార్తె ముగిసి మృగశిర ప్రవేశించే వేళకు పెంకుటింట నివసించేవారి చూపు ఆకాశం మీద కంటే కప్పు మీదనే ఎక్కువగా నిలుస్తుంది. కప్పులో ఎక్కడైనా నాణెమంత వెలుగు కనిపించిందంటే అక్కడ పెంకు జారిందన్నమాట. సూర్యాపేట జిల్లాలోని ఆత్మకూర్ (ఎస్) వంటి గ్రామాలలో స్లాబు ఇళ్ళ నడుమ నిలిచి ఉన్న పాత పెంకుటిళ్ళకు ఏటా ఎదురయ్యే పరీక్ష ఇది. దృఢంగా కాలిన పెంకు ఎందుకు జారుతుంది? లోపం పెంకులో ఉందా, దాన్ని మోసే వాసంలో ఉందా?

ముందుగా పెంకు నిలిచే తీరును తెలుసుకోవాలి. గూన పెంకును కుమ్మరి సారెపై గొట్టంలా మలచి, నిలువునా రెండుగా చీల్చి, ఆవంలో కాలుస్తాడు. ఒక కొన వెడల్పుగా, మరొక కొన సన్నగా ఉండడం వల్ల ఒక పెంకు మరొకదానిలో ఒదుగుతుంది. కింది వరుసను వెల్లకిలా పరిస్తే నీటికి కాలువ ఏర్పడుతుంది. రెండు కాలువల నడుమ సందును పై వరుస పెంకులు బోర్లా కప్పుతాయి. వీటిని మేకులతో బిగించరు. తమ బరువు, పరస్పర ఒరిపిడి మాత్రమే వీటికి ఆధారం.

1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ సంస్థ కర్మాగారంలో పెంకుల తయారీని ప్రారంభించింది. చదునైన ఆ రకం పెంకులను తెలుగువారు బెంగుళూరు పెంకులని పిలుచుకున్నారు. వీటి అడుగున ఉండే చిన్న ఉబ్బు కింది అడ్డకర్రను కొక్కెంలా పట్టుకుంటుంది. చదరపు మీటరు కప్పుకు ఇవి సుమారు 15 పడతాయి. ఆ అడ్డకర్ర పుచ్చిపోతే కొక్కెం ఉండీ ప్రయోజనం లేదు.

పెంకు జారడానికి మొదటి కారణం ఎండ. రోహిణిలో రోళ్ళు పగులుతాయని సామెత. పగటి వేడికి పెంకు వ్యాకోచిస్తుంది, రాత్రి చల్లదనానికి సంకోచిస్తుంది. వాలు మీద ఉన్న వస్తువు వ్యాకోచించేటప్పుడు కిందికి జరగడం సులభం, సంకోచించేటప్పుడు పైకి మరలడం కష్టం. ఇంగ్లండులోని బ్రిస్టల్ కెథీడ్రల్‌పై 1851లో పరచిన సీసపు రేకు రెండేళ్ళలో 18 అంగుళాలు కిందికి జరిగిందని హెన్రీ మోస్లీ గమనించి, ఈ సూత్రంతోనే వివరించాడు. సీసంతో పోలిస్తే కాలిన మట్టి వ్యాకోచం ఎంతో తక్కువ. అయినా బిగింపు లేని పెంకుకు దశాబ్దాల ఎండ చిన్న విషయం కాదు.

రెండవ కారణం కలప. తాటిదూలానికి బయటి చేవ గట్టిది, లోపలి భాగం మెత్తనిది. చెదపురుగు మట్టిగోడ గుండా పైకి పాకి ఆ మెత్తని భాగాన్ని తొలిచివేస్తుంది. పైకి గట్టిగా కనిపించే దూలం లోపల డొల్లబారుతుంది. దూలం కుంగితే దానిపై వాసం వంగుతుంది. వాసం వంగితే పెంకుల మధ్య ఒదుగు సడలుతుంది. సరిగా కాలని పెంకు వాననీటిని పీల్చి బరువెక్కి, అలసిన కలపపై మరింత భారం మోపుతుంది.

మూడవ కారణం బయటినుండి వచ్చేది. వేసవి గాలిదుమారం చూరు కిందుగా దూరి పెంకులను పైకి లేపుతుంది. కోతుల గుంపు ఒక్కసారి కప్పు మీదుగా దూకితే వరుసలు చెదిరిపోతాయి. వేపాకు రాలి కాలువలో పేరుకుంటే నీరు దారి తప్పి వాసాలపైకి పారుతుంది.

ఈ మూడూ వేర్వేరుగా ఉండవు. ఒక పెంకు జారిన చోట నీరు దిగుతుంది. తడిసిన వాసం పుచ్చుతుంది. పుచ్చిన వాసం కుంగి మరిన్ని పెంకులను జారుస్తుంది. చివరికి మట్టిగోడ నాని, కప్పు కింద నిద్రించేవారి ప్రాణానికే ముప్పు వస్తుంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో సూర్యాపేట, కోదాడ ప్రాంతాలను ముంచెత్తిన వానల వంటివి వచ్చినప్పుడు ఆ ముప్పును సరిదిద్దుకునే వ్యవధి కూడా ఉండదు.

అందుకే పూర్వులు తొలకరికి ముందే కప్పు సర్దించేవారు. పెంకులను దించి, చెత్త ఊడ్చి, పుచ్చిన వాసాన్ని మార్చి, చూరు నుండి కొప్పు వరకు తిరిగి పేర్చేవారు. నేడు పలువురు జారిన చోట సిమెంటు పూసి సరిపెట్టుకుంటున్నారు. కలప వానకు ఉబ్బి, ఎండకు కుదించుకుపోతుంది. సిమెంటు అలా కదలలేదు గనుక పగుళ్ళు తీస్తుంది. ఆ పగులులో చేరిన నీరు బయటికి కనిపించకుండా వాసాన్ని తింటుంది.

మేళ్ళచెరువు, మట్టపల్లి ప్రాంతాలలో సున్నపురాయి ఆధారంగా సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. స్లాబు ఇళ్ళు పెరిగాయి. పెంకులు చేసే కుమ్మరులు, కప్పు సర్దే పనివారు తగ్గిపోయారు. చేతితో చేసిన పాత పెంకు పగిలితే అదే కొలతకు సరిపోయేది దొరకడం కష్టమైంది. స్లాబు వేయించుకోగలిగినవారు వేయించుకున్నారు. ఆ స్తోమత లేనివారు, పుట్టిన ఇంటిని విడువలేని వృద్ధులు పాత కప్పు కిందనే మిగిలారు. పెంకుటిల్లు బలం పెంకులో మాత్రమే లేదు, ఏటా దానిని సర్దిన చేతిలో ఉంది. ఆ చేయి దూరమైన ఇంట పెంకు జారడం ఆశ్చర్యం కాదు.

అర్థాలు
ఆవం : కుండలు, పెంకులు కాల్చే బట్టీ
సారె : కుమ్మరి చక్రం
చూరు : గోడ దాటి ముందుకు వచ్చిన కప్పు అంచు
కొప్పు : కప్పు నడినెత్తి
చేవ : కలపలోని గట్టి భాగం

ప్రశ్నలు
1. గూన పెంకులు మేకులు లేకుండా కప్పుపై ఎలా నిలుస్తాయి?
2. ఒక పెంకు జారడం ఇంటి మొత్తానికి ప్రమాదంగా ఎలా మారుతుందో వివరించండి.
3. ‘పెంకుటిల్లు బలం ఏటా దానిని సర్దిన చేతిలో ఉంది’ – ఈ వాక్యాన్ని సమర్థించండి.