స్నానాలగది నేలకు ఏ జలనిరోధక పద్ధతి తగినది?

టైల్స్ పరచిన నేలలోకి నీరు దిగదన్నది మనలో చాలామంది నమ్మకం. టైలు నీటిని ఆపుతుంది. టైలుకూ టైలుకూ మధ్యనున్న సందు ఆపదు. అందులో నింపే తెల్ల సిమెంటు గట్టిపడిన తరువాత కూడా కంటికి కానరాని రంధ్రాలు మిగిలే ఉంటాయి. రోజూ నలుగురు స్నానం చేసే ఇంట్లో వాటి గుండా దిగిన నీరు టైలు కింది సిమెంటు పడకలో చేరి, దారి దొరికిన వైపు పోతుంది. అది కింది వాటా పైకప్పు కావచ్చు, పక్క గది గోడ కావచ్చు, స్లాబులోని ఇనుప చువ్వ కావచ్చు. తుప్పుపట్టిన చువ్వ ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. కాబట్టి నీటిని ఆపవలసినది టైలు కాదు. దాని కింద, పని ముగిశాక మనం మళ్లీ చూడలేని పొర ఆపాలి.

మన పెద్దలకు ఈ చిక్కు అంతగా లేదు. పాత ఇళ్లలో బచ్చలి సాధారణంగా పెరటివైపు, నేలమీదే, రాతిబండలతో ఉండేది. వాడిన నీరు అరటిపాదుకో కొబ్బరిపాదుకో పోయేది. మిద్దె కారకుండా సున్నంతో ఇటుకముక్కలు కలిపి దంచి, కరక్కాయ, బెల్లం నానవేసిన నీళ్లు వాడే పనితనం ఉండేది గాని, అది వానకోసం చేసిన ఏర్పాటు. స్నానాలగది ఇంటిలోపలికి, ఆపైన మేడమీదికి చేరాక కథ మారింది. అనంతపురం, కడప, చిత్తూరు వైపుల నుంచి వచ్చి, ముప్పై నలభై సైటులో కింద తాముండి పైవాటా అద్దెకిచ్చుకునే కుటుంబానికి పైనున్న స్నానాలగది కారితే తడిసేది సొంత పైకప్పే.

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి పట్టణాలలో దీనికి స్థానిక కారణం ఒకటి తోడవుతుంది. ఇక్కడ చాలా ఇళ్లకు లోతైన బోరునీరే ఆధారం. అది లవణాలతో కూడిన గట్టినీరు. నేలమీద తెల్లని పొర కడుతుంది, దాన్ని పోగొట్టడానికి యాసిడ్ పోస్తారు. యాసిడ్ టైలుకు పెద్దగా హాని చేయదు గాని, సందులోని సిమెంటును కరిగిస్తుంది. కొన్నేళ్లు ఇలా కడిగిన నేలలో సందులు గుంటలు పడతాయి. పొర వేయకుండా టైల్స్ పరచిన ఇళ్లలో కారుడు మొదలయ్యేది తరచుగా ఇక్కడినుంచే. బ్రష్షు, సబ్బుపొడితో తోమడం కష్టమే. అయినా నేలకు అదే మేలు.

ఇక పద్ధతుల విషయం. దుకాణంలో ముందుగా ధర అడుగుతాం. ముందు వేయవలసిన ప్రశ్న అది కాదు: ఈ నేల కింద ఏముంది?

కింద మట్టి ఉంటే, అంటే గది నేలమట్టంలో ఉంటే, ఖరీదైన పొర అవసరం లేదు. మట్టిని బాగా దిమ్మిస చేసి, కాంక్రీటు వేసి, దానిమీద జలనిరోధక ద్రవం కలిపిన సిమెంటు పూత వేస్తే సరిపోతుంది. ఆ ద్రవం డబ్బామీద సిమెంటు మూటకు ఇన్ని మిల్లీలీటర్లని మోతాదు ఉంటుంది. మేస్త్రీ చేతివాటంగా పోస్తే ఒప్పుకోవద్దు. గోడల అడుగున ఒక అడుగు ఎత్తు మాత్రం మంచి పొర వేయించాలి. లేకుంటే చెమ్మ గోడలోకి ఎక్కి, అవతలి గదిలో సున్నం పొడిగా రాలుతుంది.

కింద మనుషులు ఉండే గది అయితే, ద్రవం కలిపిన సిమెంటు ఒక్కటే చాలదు. స్లాబు ఎండకు, బరువుకు వెంట్రుకవాసి కదులుతూ ఉంటుంది. సాగే గుణం లేని పూత ఆ కదలికకు పగులుతుంది. ఇక్కడ నా మొదటి ఎంపిక పొడి, ద్రవం రెండూ కలిపి కుంచెతో పూసే పాలిమర్ సిమెంటు పూత. కొద్దిగా తడి ఉన్న కాంక్రీటుమీద కూడా ఇది అంటుకుంటుంది, కొంత సాగుతుంది, టైలు పడక దీన్ని బాగా పట్టుకుంటుంది, మామూలు పనివారికి కూడా అలవడుతుంది. రెండు పూతలు వేయాలి. మొదటిది నిలువుగా పూస్తే రెండవది అడ్డంగా. గోడా నేలా కలిసే మూలను ముందే సిమెంటుతో గుండ్రంగా తీర్చి, పూతలో ఫైబర్ జాలి పట్టీ అతికించాలి. నహాని ట్రాప్ చుట్టూ, గొట్టాలు స్లాబును దాటే చోట్ల కూడా అంతే. కారుడు ఎక్కువగా పుట్టేది నేల నడిమధ్యన కాదు, ఈ అంచుల్లోనే. పూతను గోడలమీదికి ఒక అడుగు, షవరు ఉన్న వైపు ఆరడుగులు ఎక్కించాలి. గడప దగ్గర కూడా పైకి మడవాలి. చాలామంది మరచేది దీన్నే.

పాలీయురేథేన్ పూత ఇంకా బాగా సాగుతుంది. అయితే అది పూర్తిగా ఆరిన నేలనే కోరుతుంది. రాత్రి ఒక ప్లాస్టిక్ కాగితాన్ని అంచులు మూసి నేలకు అతికించి, తెల్లవారి చూడండి. లోపల నీటిబొట్లు పట్టి ఉంటే ఆ పూతకు ఇంకా సమయం రాలేదు. చివరి పూత తడిగా ఉండగానే ఇసుక చల్లకపోతే టైలు పడక దానిమీద జారిపోతుంది. తెలిసిన పనివాడు ఉంటేనే దీని జోలికి వెళ్లడం మంచిది. తారు పూతను స్నానాలగదికి నేను సూచించను, సిమెంటు పడక దాన్ని సరిగా పట్టుకోదు.

ఇటుకముక్కల కోబాను ఇప్పటికీ ఇష్టపడే మేస్త్రీలున్నారు. వాటం తీర్చడానికి అది మంచిదే. కాని అయిదడుగులు ఏడడుగుల గదిలో నాలుగు అంగుళాల మందం కోబా బరువు అర టన్ను దాటుతుంది. పైగా పొర లేని కోబా నీరు పీల్చిన స్పంజివంటిది. స్లాబును ఎనిమిది అంగుళాల నుంచి అడుగు దాకా దించి కట్టిన గదుల్లో ఆ గుంటను పాత గోడల చెత్తతో నింపడం తరచుగా జరుగుతుంది. ఆ చెత్త ఏళ్లతరబడి తడిని దాచుకుంటుంది. దించిన స్లాబుకు రెండు పొరలు కావాలి. ఒకటి గుంట అడుగున, అందులో చేరిన నీరు బయటికి పోవడానికి చిన్న గొట్టంతో సహా. రెండవది నింపుడు పూర్తయి వాటం తీర్చిన తరువాత, టైలు కింద. వాటం పొర కిందే ఏర్పడాలి. టైలు పడకతో తీరుస్తామంటే అంగీకరించవద్దు. షవరు కింద నాలుగు అడుగులకు ఒక అంగుళం వాలు చాలు. రెండడుగుల పెద్ద టైల్స్‌తో ఆ వాలు సరిగా కుదరదు, కాబట్టి చిన్నవే తీసుకోండి.

ఏ పద్ధతి ఎంచుకున్నా ఒక పరీక్షను వదులుకోవద్దు. గొట్టాల పని, వాటి ఒత్తిడి పరీక్ష ముగిశాకే పూత వేయించాలి. డబ్బామీద రాసిన గడువు మేరకు పూత ఆరాక, ట్రాప్‌ను గుడ్డతో మూసి, రెండు అంగుళాల నీరు నింపి, గోడమీద గీత గీసి నలభై ఎనిమిది గంటలు ఉంచాలి. ట్యాంకరు నీరు కొనే ఊళ్లో ఇంత నీరా అనిపించవచ్చు. పైన చెప్పిన గదికి పట్టేది సుమారు 165 లీటర్లు, ఒక డ్రమ్ముకన్నా తక్కువే. ఆ తరువాత గోడలు తడపడానికి వాడుకోవచ్చు. గీత గణనీయంగా దిగినా, కింద చెమ్మ కనిపించినా, ఆ చోటు బాగుచేసి మళ్లీ నింపాలి. టైల్స్ పరచాక ఇదే లోపం కనబడితే నేలంతా పగలగొట్టవలసి వస్తుంది.

ఈ షరతును పని ఒప్పందంలో రాయించుకోండి: నీరు నిలిపి పరీక్షించి, ఇద్దరూ కింద పైకప్పు చూసిన తరువాతే చివరి విడత సొమ్ము. ఒప్పందం కన్నడంలో ఉంటే మూడు మాటలు గుర్తుంచుకుంటే చాలు. సోరికె అంటే కారుడు, తేవాంశ అంటే చెమ్మ, ఇళిజారు అంటే వాటం.

ఇప్పటికే కారుతున్న పాత గది ఉన్నవారు పగలగొట్టే ముందు కారణం తెలుసుకోవాలి. ఎవరూ స్నానం చేయని రోజున కూడా బొట్టు ఆగకపోతే నీరు వచ్చే గొట్టంలో దోషం ఉందని అనుమానించాలి. స్నానం తరువాతే కారితే నేలలోనో, నీరు పోయే గొట్టంలోనో. నేలే అని తేలితే, పాత సందులు గీకి ఎపాక్సీ నింపి ఒకటి రెండు నెలలు చూడవచ్చు. ఖర్చు తక్కువ, కొన్నిసార్లు అదే సరిపోతుంది. ఆగకపోతే టైల్స్ తీసి పొర వేయడం తప్ప దారి లేదు. పాత టైల్స్‌మీదే కొత్తవి అతికిస్తామనే మాట వినడానికి బాగుంటుంది గాని, నేల ఎత్తు పెరిగి నీరు గడప దాటుతుంది, కింద చేరిన తడి అక్కడే ఉండిపోతుంది. అద్దెకున్నవారు మొదటి మరక కనబడిన రోజే తేదీతో ఫొటో తీసి యజమానికి రాతపూర్వకంగా తెలిపితే, ఖాళీ చేసేనాడు అడ్వాన్సు విషయంలో వివాదం వస్తే అది పనికి వస్తుంది.