మీ గొంతు మీరు విన్నారా?

రికార్డు చేసిన తమ మాటలు మొదటిసారి విన్నప్పుడు చాలామంది "ఇది నా గొంతేనా?" అని ఆశ్చర్యపోతారు. ఎందుకని?

మనం మాట్లాడేటప్పుడు మన గొంతు మన చెవికి రెండు దారుల్లో చేరుతుంది. ఒకటి గాలి, రెండవది పుర్రె ఎముకలు. ఎముకలు తక్కువ పౌనఃపున్యం గల ధ్వనులను బాగా చేరవేస్తాయి. అందుకే మన గొంతు మనకు కాస్త గంభీరంగా వినిపిస్తుంది. మైకుకు చేరేది గాలిలో వచ్చిన ధ్వని మాత్రమే. ఇతరులు వినేదీ అదే!

ఒకప్పుడు టేపురికార్డరంటే బల్లమీద పెట్టే బరువైన పెట్టె. 1963లో ఫిలిప్స్ సంస్థ క్యాసెట్టును తెచ్చాక అది చేతిలోకి వచ్చింది. క్యాసెట్టులో టేపు సెకనుకు 4.76 సెం.మీ. చొప్పున కదులుతుంది. అరగంటకు ఎంత టేపు కావాలో లెక్కకట్టండి. సుమారు 86 మీటర్లు! 1979లో సోనీ కంపెనీ వాక్‌మన్‌ను విడుదల చేసింది. మొదటి వాక్‌మన్‌తో రికార్డు చేయడం కుదరదు. కాని ఇద్దరు కలిసి వినవచ్చు. నేడు సెల్‌ఫోను ధ్వనిని అంకెలుగా మార్చి చిప్పులో దాస్తోంది.

దీనితో చిన్న తరగతుల పిల్లలు ఒకరికొకరు పాఠం చెప్పుకోవచ్చు. మీ ఉపాధ్యాయుల అనుమతితో మూడవ తరగతి పిల్లలను నలుగురేసి కూర్చోబెట్టండి. ఒకరు 47, 38 కూడే విధానాన్ని తన మాటల్లో రికార్డు చేయాలి. మిగిలినవారు అది విని, విన్నది విన్నట్లే పలకమీద చేయాలి. "ఏడూ ఎనిమిదీ పదిహేను, ఐదు వేయండి" అని, మిగిలిన ఒకటిని పదుల్లో కలపమనడం మరిస్తే ఏమవుతుంది? 85కు బదులు 75 వస్తుంది! ఇక తప్పు ఎవరూ చూపనక్కరలేదు. చెప్పినవాడే విని దిద్దుకుంటాడు. మాట్లాడేటప్పుడు మన ధ్యాస చెప్పబోయేదానిపై ఉంటుంది, వదిలేసినది తెలియదు. తిరిగి విన్నప్పుడు బయటపడుతుంది.

లేచి అడగడానికి బిడియపడే పిల్లలకూ ఇది మేలు. ఎన్నిసార్లు వేసినా యంత్రం విసుక్కోదు కదా! పాఠం రెండు నిమిషాలు దాటనీయకండి. ఫ్యాను ఆపి, మైకును నోటికి జానెడు దూరంలో ఉంచండి. ఎవరి గొంతునూ ఎగతాళి చేయనీయకండి.

ముందుగా మీరే పరీక్షించుకోండి. వృత్తలేఖినితో 60 డిగ్రీల కోణం గీసే పద్ధతిని మాటల్లోనే చెప్పి రికార్డు చేయండి. మీ మిత్రుడు అది విని గీయగలిగాడా? లేకపోతే, ఏ మాట వదిలేశారో విని కనుక్కోండి.