కృతజ్ఞతకు మూడు మెట్లు

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. పనులు పోయిన వలస కూలీలు నెత్తిన మూట, చంకన బిడ్డతో వందల కిలోమీటర్లు నడిచి ఇంటిముఖం పట్టారు. కూలి డబ్బు తెచ్చేవాడు వట్టి చేతులతో వచ్చినా, ఉన్న గంజినే పంచిపెట్టిన ఇళ్లు ఎన్నో! ఆ మేలు ఇప్పుడు మనకు గుర్తుందా?

కృతజ్ఞతకు మూడు మెట్లున్నాయని 13వ శతాబ్దపు తత్త్వవేత్త పునీత తోమాసు అక్వీనాసు గారు బోధించారు. మొదటిది, పొందిన మేలును గుర్తించడం. రెండవది, నోరారా కృతజ్ఞత తెలపడం. మూడవది, తగిన సమయంలో శక్తికొలది తిరిగి మేలు చేయడం. కృతఘ్నత ఈ మెట్ల మీదనే కిందికి దిగజారుతుంది. తిరిగి మేలు చేయకపోవడం తప్పు. పొందినట్లు చెప్పకపోవడం ఇంకా పెద్ద తప్పు. అసలు మరచిపోవడం అన్నిటికంటె ఘోరం.

“ఇవ్వడానికి నా దగ్గర ఏముంది?” అంటారేమో. కానుకకు సమయం చూసుకోవచ్చు గాని, మనసులోని ఆదరానికి ఆలస్యం తగదని కూడా ఆయనే అన్నారు. తల్లిదండ్రుల ఋణం ఎవరూ పూర్తిగా తీర్చలేరని అరిస్టాటిల్ ఏనాడో చెప్పాడు. తీర్చలేని ఋణానికి గౌరవమే చెల్లింపు.

ఆనాడు అన్న ఇంట నెలల తరబడి తలదాచుకున్న తమ్ముడు, నేడు పొలంగట్టు తగాదాతో ఆ గడప తొక్కడం మానవచ్చు. గట్టు సంగతి పెద్దల ముందు తేల్చుకోవచ్చు. కాని ఆనాటి అన్నాన్ని లెక్కలోంచి కొట్టివేయరాదు. ఈ ఆదివారం పూజ ముగిశాక ఆ ఇంటికి వెళ్లండి. “వదినా, ఆనాడు నీవు పెట్టిన అన్నం మరచిపోలేదు” అని ఒక్క మాట చెప్పండి. రెండవ మెట్టు ఎక్కినట్లే.