ఆర్క్ ఆగాకే అసలు జాగ్రత్త

తిరుపతి నుంచి రేణిగుంటకు పోతుంటే దీపాలు పెట్టే వేళకు రోడ్డు పక్క వెల్డింగ్ షెడ్లలో నీలం వెలుగు చిటపటమంటూ కనబడుతుంది. లాడ్జీ మెట్లకు స్టీలు రెయిలింగులు, ట్రాక్టర్ ట్రెయిలర్లు, కిటికీ గ్రిల్లులు, కోళ్ళఫారాలకు రేకుల షెడ్లు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు పైపులు... మా వైపు ఏది కట్టాలన్నా ఆ వెలుగు కావాలి. దాన్ని చూడొద్దురా, కళ్ళు పోతాయి అని చిన్నపిల్లలకు కూడా చెప్తారు. మంచి మాటే. కానీ ఇన్నేళ్ళు వెల్డింగ్ హోల్డర్ పట్టుకున్న వాడిగా చెప్తున్నా, ఆ ఒక్క జాగ్రత్త చాలదు. ఆ వెలుగు, అంటే ఆర్క్, మండుతున్నంతసేపూ మనం ఒళ్ళు దగ్గర పెట్టుకునే ఉంటాం. మాస్క్ దించుతాం, చెయ్యి కుదురుగా పెడతాం. నేను చూసిన దెబ్బల్లో ఎక్కువ భాగం ఆర్క్ ఆగాక తగిలినవే. రాడ్డు మార్చేటప్పుడు, అతుకు మీద గట్టిపడిన స్లాగ్ కొట్టేటప్పుడు, మాస్క్ ఎత్తి చెమట తుడుచుకునేటప్పుడు, ఇంటికి పోయి పడుకున్నాక.

ముందు రాడ్డు మార్చడం సంగతి. ఆర్క్ మండుతున్నప్పుడు రాడ్డుకీ ఇనుముకీ మధ్య ఉండే వోల్టేజీ 20 నుంచి 30 లోపే. ఆర్క్ ఆగి, మెషిన్ ఆన్‌లోనే ఉంటే హోల్డర్ కొనలో అది 70, 80 దాకా ఎక్కుతుంది. అంటే మనం ప్రమాదం దాటిపోయిందనుకుని మాస్క్ ఎత్తే క్షణంలోనే హోల్డర్‌లో ఎక్కువ వోల్టేజీ ఉంటుంది. ఆ క్షణంలోనే కదా పాత తునక పీకి కొత్త రాడ్డు బిగించేది! పొడిచెయ్యి అయితే చురుక్కుమంటుంది, అంతే. మే నెలలో, రేకుల షెడ్డు కింద, గ్లవ్ లోపల దాకా చెమటతో నానిన చెయ్యి అయితే కథ వేరు. తడి చర్మం కరెంటును అడ్డుకోదు. ఇనప దూలం మీద కూర్చుని, తొడలు ఇనుముకు ఆనించి, చెమట చేత్తో రాడ్డు మార్చేవాడికి ఆ 80 వోల్టులే ప్రాణాంతకం.

అందుకే మా దగ్గరికి కొత్తగా వచ్చిన పిల్లవాడికి వెల్డింగ్ కంటే ముందు నేర్పేది రాడ్డు మార్చడం. పొడి గ్లవ్స్ రెండు జతలు దగ్గర పెట్టుకోవాలి, ఒకటి తడిసితే ఎండలో వేసి రెండోది తొడుక్కోవడానికి. కూర్చునే చోట చెక్కపలకో, రబ్బరు మ్యాటో వేసుకోవాలి. హోల్డర్‌ను చంకలో ఇరికించుకోవడం, మెడ మీద వేసుకోవడం ఎప్పటికీ వద్దు. నిచ్చెన మీద ఉన్నవాడు రెండు చేతులూ కావాలని చంకలో పెట్టుకుంటాడు, చొక్కా తడిసి ఉంటుంది. షాక్ చిన్నదే అయినా పడేది పన్నెండు అడుగుల నుంచి.

ఇంక ఎర్త్. మా షాపుల్లో ఈ ఒక్క మాటతో మూడు వేరు వేరు సంగతులు చెప్తారు, సగం ప్రమాదాలకు మూలం ఈ గందరగోళమే అని నా నమ్మకం. పనిముక్కకు తగిలించే క్లాంపును ఎర్త్ అంటాం. మెషిన్ బాడీ నుంచి నేలలో గుంటకు పోయే తీగనూ ఎర్త్ అంటాం. బాడీ ముట్టుకుంటే జిల్లుమంటే “ఎర్త్ వస్తా ఉండాది” అంటాం. "ఎర్త్ ఏసినావా?" అని మేస్త్రీ అడిగితే పిల్లవాడు క్లాంపు తగిలించి "ఏసినా అన్నా" అంటాడు. ఇద్దరూ నిజమే చెప్పారు, మెషిన్ బాడీకి మాత్రం ఎర్త్ లేదు.

క్లాంపు పని వెల్డింగ్ కరెంటును తిరిగి మెషిన్‌కు చేర్చడం. అది ప్రాణం కాపాడదు. లోపల వైండింగ్ దెబ్బతిని లైను కరెంటు బాడీకి తగిలితే, దాన్ని నేలలోకి పంపి ఫ్యూజు కొట్టించేది గుంటకు పోయే తీగే. మా పాత ట్రాన్స్‌ఫార్మర్ సెట్లు రెండు ఫేజుల మీద 415 వోల్టులతో నడుస్తాయి. అలాంటి సెట్టును పొలంలో మోటారు స్టార్టర్ బాక్సు దగ్గర రెండు తీగలు గుచ్చి నడిపేవాళ్ళను చూస్తే నాకు గుండె ఆగినంత పని అవుతుంది. బాడీ ఎర్త్ లేకుండా ఒక్క రాడ్డు కూడా కాల్చకండి. ఏర్పాటు మీకు తెలియకపోతే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

కరెంటు లీకైతే లైను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే ఇంకా మంచిది, పెట్టించుకోండి. కానీ అది కాపలా కాసేది మెషిన్‌లోకి వచ్చే కరెంటుకే. ట్రాన్స్‌ఫార్మర్ దాటి హోల్డర్‌లోకి పోయే కరెంటుతో దానికి సంబంధం లేదు. హోల్డర్ దగ్గర షాక్ తగిలితే అది పడిపోదు. అక్కడ మనకు రక్ష పొడి గ్లవ్, పగలని హోల్డర్, అతుకుల్లేని కేబుల్.

క్లాంపును ఎక్కడ తగిలిస్తామన్నది కూడా చూసుకోవాలి. వెల్డు పడే చోటికి దగ్గరగా, తుప్పూ రంగూ గీకిన చోట పట్టించాలి. కేబుల్ చాలలేదని పక్కన పిల్లర్ కమ్మీకో గేటుకో తగిలిస్తే కరెంటు తనకు నచ్చిన దారిలో తిరిగొస్తుంది. ఆ దారి పక్కవాడి గ్రైండర్ ఎర్త్ తీగ కావచ్చు. సన్నటి తీగ అంత కరెంటుకు మాడిపోతుంది, ఆ గ్రైండర్‌కు ఇక రక్షణ లేదని ఎవరికీ తెలియదు.

మా వైపు పెద్ద వానలు నవంబరు, డిసెంబరులో. 2021 నవంబరులో తిరుపతి వీధులు వాగులైనప్పుడు ఎన్నో మెషిన్లు నీళ్ళలో మునిగాయి. పైన ఆరిందని ప్లగ్గు పెట్టేయకూడదు. వైండింగ్ లోపలి తడి కంటికి కనబడదు. విప్పించి, ఆరబెట్టించి, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్‌తో చూపించాకే కరెంటు ఇవ్వాలి. ఎవరికైనా షాక్ తగిలి అతుక్కుపోతే ముందు మెయిన్ ఆపండి, తర్వాతే ముట్టుకోండి, 108కి ఫోన్ చేయండి. ఊపిరి లేకపోతే అంబులెన్స్ వచ్చేదాకా ఛాతీ మధ్య నొక్కుతూనే ఉండాలి.

కళ్ళ సంగతి నా ఒంటి మీదే నేర్చుకున్నాను. హెల్పర్‌గా చేరిన కొత్తల్లో ఒక షెడ్డులో గ్రిల్లు కమ్మీలు పట్టుకుని నిలబడే పని నాది. మేస్త్రీ టాకాలు, అంటే చిన్న చిన్న అతుకులు, వేస్తుంటే నేను మొహం పక్కకు తిప్పుకునేవాణ్ణి. ఒక్కో టాకా ఒక్క సెకనే కదా అనుకున్నాను. ఆ పగలంతా ఏమీ కాలేదు. రాత్రి పదకొండు దాటాక కళ్ళలో ఇసుక పోసి రుద్దినట్టు మొదలైంది. రెప్ప తెరిస్తే మంట, మూస్తే మంట, నీళ్ళు ధారగా కారుతున్నాయి. మా అవ్వ ఆలుగడ్డ చక్రాలు కోసి పెట్టింది, పక్కింటామె చనుబాలు చుక్క వేయమంది. ఆ రాత్రి మర్చిపోలేను.

ఆర్క్‌లోని అతినీలలోహిత కిరణాలు కంటి నల్లగుడ్డు పైపొరను కాల్చేస్తాయి. నొప్పి మాత్రం ఆరు నుంచి పన్నెండు గంటలు ఆలస్యంగా బయటపడుతుంది. అందుకే పగలు చేసిన తప్పు రాత్రి తెలుస్తుంది. చీకటి గదిలో పడుకుని, మూసిన రెప్పల మీద శుభ్రమైన చల్లని తడిగుడ్డ వేసుకోండి. ఆలుగడ్డ, చనుబాలు, ఆముదం ఏదీ కంట్లో వేయొద్దు, వాటితో ఇన్‌ఫెక్షన్ వస్తుంది. మందుల షాపులో తిమ్మిరెక్కించే చుక్కలు అడిగి తెచ్చుకోవద్దు. హాయిగా ఉంటుంది గానీ పుండు మానదు. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోయినా, చూపు మసకబారినా తిరుపతిలో రుయా ఆసుపత్రి ఉంది, అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది.

రాడ్డు వెల్డింగుకు 10 లేదా 11 నంబరు నల్లద్దం కావాలి. ఫుట్‌పాత్ మీద దొరికే నల్ల కళ్ళజోడు వెలుగును తగ్గించి మనల్ని మోసం చేస్తుంది, చెంపా మెడా కాలిపోతూనే ఉంటాయి. కమ్మీ పట్టుకునే హెల్పర్‌కూ ఒక మాస్క్ కొనివ్వండి. స్టెయిన్‌లెస్ స్టీలు మీద, సున్నం గోడ మీద పడి తిరిగొచ్చే వెలుగు కూడా కాలుస్తుంది. మాస్క్ కింద తెల్ల కళ్ళజోడు పెట్టుకుంటే, మాస్క్ ఎత్తి స్లాగ్ కొట్టేటప్పుడు వేడి పెచ్చు కంట్లోకి ఎగరదు. గ్రైండర్ రవ్వ కంట్లో దిగితే నలపకండి, పక్కవాడితో అగ్గిపుల్లతో తీయించుకోకండి, నేరుగా ఆసుపత్రికి పోండి.

పొగ గురించి మా వాళ్ళకు అసలు పట్టింపు లేదు. జి.ఐ. పైపు మీద పూత జింకు. దాన్ని అలాగే కాలిస్తే తెల్లటి పొగ వస్తుంది, సాయంత్రానికి నోట్లో ఇనుము రుచి, చలిజ్వరం, ఒళ్ళునొప్పులు. పాలు తాగితే పోతుందనే మాట అబద్ధం. అతుకు దగ్గర పూతను గీకేయాలి, గాలి మన వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడాలి, తల పొగ దారిలో పెట్టకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలు పొగలో క్రోమియం ఉంటుంది, అది ఇంకా చెడ్డది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన ఏజెన్సీ వెల్డింగ్ పొగను మనిషికి క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో చేర్చింది. మొహానికి కట్టుకునే తువ్వాలు దీన్ని ఆపదు, ఎన్95 లాంటి మాస్కు కావాలి.

ట్యాంకుల దగ్గర మాత్రం నేను ఎవరి మొహమాటానికీ లొంగను. ఖాళీ డీజిల్ డ్రమ్ము నిండు డ్రమ్ము కంటే ప్రమాదం, అందులో ఆవిరి ఉంటుంది. బండి పెట్రోలు ట్యాంకు కూడా అంతే. మూత తీసి ఎండలో పెట్టినంత మాత్రాన ఆవిరి పోదు. అలాంటి ట్యాంకును ఆవిరితో సహా ఖాళీ చేయకుండా వెల్డింగ్ చేయకూడదని 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షన్‌లోనే రాశారు. టైరు ఉన్న రిమ్ముకు వెల్డింగ్ పెట్టడమూ ఇలాంటిదే, లోపలి గాలి వేడెక్కి టైరు బాంబులా పేలుతుంది.

తోతాపురి మామిడి కాపు దిగకముందు చిత్తూరు, బంగారుపాళెం వైపు గుజ్జు ఫ్యాక్టరీల్లో ట్యాంకుల మరమ్మతులుంటాయి. స్టీలు ట్యాంకులో దిగి ఆర్గాన్‌తో వెల్డింగ్ చేస్తే, వాసన లేని ఆ గ్యాసు గాలి కంటే బరువు కాబట్టి అడుగున పేరుకుని ప్రాణవాయువును నెట్టేస్తుంది. ఊపిరాడనట్టు కూడా అనిపించదు, మనిషి కూలిపోతాడు. 2018 ఫిబ్రవరిలో పలమనేరు దగ్గర మొరంలో హేచరీ వ్యర్థాల ట్యాంకులోకి దిగినవాళ్ళు, వాళ్ళను కాపాడాలని దిగినవాళ్ళు కలిసి ఏడుగురు చనిపోయారు. అది వెల్డింగ్ పని కాదు, గ్యాసు వేరు. కానీ కాపాడబోయినవాడు కూడా పోవడం ఏ ట్యాంకు దగ్గరైనా ఇలాగే జరగొచ్చు. బయటి నుంచి గాలి కొట్టే బ్లోయర్, నడుముకు తాడు, పైన ఒక మనిషి లేకుండా దిగొద్దు. పైన ఉన్నవాడు కూడా లోపలికి దూకకుండా తాడు పట్టి లాగాలి.

రవ్వలు పదడుగుల్లో ఆగవు, ముప్పై అడుగుల దాకా దొర్లుతాయి. గడ్డివాము, గోనెసంచి, ఫోము షీటులో దాక్కున్న రవ్వ మనం టీకి పోయాక అంటుకుంటుంది. పని ముగిశాక కనీసం అరగంట, వీలైతే గంట అక్కడే ఉండండి. పక్కన బకెట్టు నీళ్ళు, ఇసుక పెట్టుకోండి. మెషిన్ నుంచి లేచిన మంట మీద మాత్రం నీళ్ళు కాదు, ముందు మెయిన్ ఆపి ఇసుక చల్లాలి. చెయ్యి కాలితే ఇరవై నిమిషాలు కొళాయి నీళ్ళ కింద పెట్టండి, టూత్‌పేస్టు, ఇంకు పూయొద్దు.

బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 20 రూపాయలకు ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది, 18 నుంచి 70 ఏళ్ళ వాళ్ళకు. ప్రమాదంలో ప్రాణం పోయినా, రెండు కళ్ళూ పోయినా 2 లక్షలు, ఒక కన్ను పోతే లక్ష. పదిమంది పనిచేసే చోట, నెలకు 21,000 లోపు జీతమైతే ఈఎస్ఐ మన హక్కు, యజమానిని అడగండి.

ఆయుధపూజ నాడు మా షాపుల్లో మెషిన్‌ను తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొడతాం. ఏడాదంతా తిరిగే సెట్టు ఆరోజు ఒక్కటే ఆగి ఉంటుంది. మా దగ్గర ఆ పొద్దున ప్లగ్గు పీకేసి, హోల్డర్ నుంచి మెషిన్ దాకా కేబుల్‌ను చేత్తో తడుముతూ పోతాం. ఎక్కడ టేపు చుట్టి ఉంటే అక్కడ కత్తిరించి కొత్త లగ్గు వేస్తాం. దవడ పగిలిన హోల్డర్ చెత్తబుట్టలోకి. ఎర్త్ గుంటలో రెండు బిందెల నీళ్ళు. ఆ తర్వాతే పసుపు.