అక్వేరియంలో నత్తలు: డెల్టా ఇళ్లకు పది చిట్కాలు

అద్దాల మీద పాచి తినేస్తాయి, ఖర్చేమీ ఉండదు అనుకుని చాలామంది చేపల తొట్టిలోకి నత్తల్ని తెచ్చుకుంటారు. నత్త కూడా పెంపుడు జీవే. దానికీ వేళకు తిండి, గుల్లకు కాల్షియం, సరైన నీళ్లు కావాలి. పైగా బందరు, గుడివాడ, దివిసీమ కాలువల మీద బతికే ఊళ్లు. ఇక్కడ తొట్టిలో జరిగే పొరపాటు తొట్టితోనే ఆగదు.

1. ఏ నత్తో తెలుసుకుని కొనండి. పసుపు, నీలం గుల్లలతో నిమ్మకాయంత పెరిగేది మిస్టరీ స్నెయిల్. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. చారల గుల్లతో చిన్నగా ఉండేది నెరైట్. పాచి తినడంలో నెరైట్‌దే పైచేయి. దాని పిల్లలు ఎదగాలంటే ఉప్పు కలిసిన నీళ్లు కావాలి కనుక మంచినీటి తొట్టిలో సంతానం పెరగదు. కొత్తవాళ్లకు ఇదే నయం. అద్దాన్ని గట్టిగా పట్టుకుని పాకుతున్న నత్తనే ఎంచుకోండి.

2. బోదెలో దొరికిన నత్తను తొట్టిలో వేయకండి. మన నీళ్లలోని లిమ్నియా నత్తల వల్ల గేదెలకు కార్జపు జలగ వ్యాధి, చదునుగా చుట్టుకున్న నత్తల వల్ల ముక్కు గురక జబ్బు వ్యాపిస్తాయి. కాలువ నాచు ఆకుల అడుగున వీటి గుడ్లు జిగురు చుక్కల్లా అంటుకుని ఉంటాయి. షాపులో కొన్న మొక్కనైనా ఆకు ఆకూ తుడిచి వేయండి. తొట్టిలో చేయి పెట్టాక సబ్బుతో కడుక్కోవడం పిల్లలకు అలవాటు చేయండి.

3. నీళ్లు రుచి చూసే పోయండి. దివిసీమలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. మంచినీటి నత్తకు అవి పడవు. కొళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేదాకా వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో ఒకరోజు ఉంచండి. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి.

4. తొట్టి మొత్తం ఆర్‌వో నీళ్లతో నింపకండి. ప్లాంటు నుంచి తెచ్చుకునే 20 లీటర్ల టిన్ను నీళ్లలో కాల్షియం దాదాపు ఉండదు. ఆ నీళ్లలో గుల్ల మొన తెల్లబడి, గుంటలు పడి, పొరలుగా లేస్తుంది. ఉడికించి ఎండబెట్టిన కోడిగుడ్డు పెంకులు గుడ్డసంచిలో కట్టి తొట్టిలో వేయండి. పక్షుల మేత షాపుల్లో దొరికే కటిల్‌బోన్ ముక్క కూడా మంచిదే. తాంబూలపు సున్నం మాత్రం వేయకండి, పీహెచ్ ఒక్కసారిగా పెరిగి చేపలూ నత్తలూ చచ్చిపోతాయి. పీహెచ్ 7, 8 మధ్య ఉంటే చాలు.

5. రాగి తగలనివ్వకండి. రాగి నత్తకు విషం. రాగి బిందెలో నిలవ ఉంచిన నీళ్లు పోయకండి. చేపల మందుల్లో కొన్నిటిలో మైలుతుత్తం ఉంటుంది, లేబుల్ చదివాకే వాడండి. చేపల చెరువుకు మందు కలిపిన బకెట్టును ఎంత కడిగినా తొట్టి పనికి వాడవద్దు.

6. పాచి ఒక్కటే సరిపోదు. సొరకాయ, బీరకాయ, దోసకాయ ముక్కల్ని తొక్కతీసి, ఉప్పూ పసుపూ లేకుండా కాస్త ఉడకబెట్టి సాయంత్రం వేయండి. మిగిలింది పొద్దున్నే తీసేయండి.

7. మూత పెట్టండి, ఖాళీ వదలండి. మిస్టరీ స్నెయిల్‌కు మొప్పతో పాటు ఊపిరితిత్తీ ఉంటుంది. మెడ పక్కనుంచి గొట్టం సాచి నీటిపైకి పెట్టి, ఒళ్లంతా ఊగుతూ గాలి పీల్చుకుంటుంది. అందుకే మూతకూ నీళ్లకూ మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉండాలి. మూత లేకపోతే రాత్రిపూట పాకి కిందపడి గుల్ల పగులుతుంది.

8. రోహిణి కార్తెలో జాగ్రత్త. నీళ్లు 30 డిగ్రీలు దాటితే ఆక్సిజన్ తగ్గిపోతుంది. తొట్టిని కిటికీ ఎండకు దూరంగా జరపండి. కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో నడిచే గాలి పంపు ఆదుకుంటుంది.

9. చచ్చిందో లేదో చూసి తీయండి. గుల్ల నోటిని మూసే తలుపు బిగించుకున్న నత్త బతికే ఉండొచ్చు. విడిగా గిన్నెలో పెట్టి ఒకరోజు చూడండి. తలుపు వేలాడుతూ కుళ్లు వాసన వస్తే చచ్చినట్టే. ఆలస్యం చేస్తే అమ్మోనియా పెరిగి చేపలూ పోతాయి.

10. ఎక్కువైనవి కాలువలో వేయకండి. మిస్టరీ స్నెయిల్ దగ్గరి చుట్టమైన గోల్డెన్ ఆపిల్ స్నెయిల్‌ను 1980 ప్రాంతంలో తిండికోసం తైవాన్‌కు తెచ్చారు. అక్కణ్నుంచి ఫిలిప్పీన్స్, వియత్నాం దాకా పాకి లేత వరినాట్లు నమిలేసింది. షాపులో ఈ రెంటినీ పోల్చుకోవడం కష్టం. మూత కింద గులాబీరంగు గుడ్ల గుత్తి కనిపిస్తే గీకి, చితిపి, చెత్తలో వేయండి. అక్కర్లేని నత్తలుంటే షాపుకే తిరిగివ్వండి. తీసిన నీళ్లు డ్రెయిన్‌లో పారబోయక కుండీ మొక్కలకు పోయండి, మంచి ఎరువు. సార్వా నాట్ల కాలంలో మన తొట్టి నత్త ఒక రైతు మడిలోకి చేరకుండా చూడటం నత్తలు పెంచే ప్రతి ఇంటి బాధ్యత.